మత్తు పదార్థాలు, వ్యసనం: ఇంట్లోవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

మత్తు పదార్థాల గురించి అడిగేవాళ్లలో వాడేవాళ్లకంటే వాళ్ల ఇంట్లోవాళ్లే ఎక్కువ. అమ్మ, నాన్న, భార్య, అన్న, స్నేహితుడు. నలుగురికీ తెలిస్తే పరువు పోతుందని నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి లోలోపలే కుమిలిపోయి, చేయి దాటిపోయాక వస్తారు. ఆ ఆలస్యం డ్రగ్స్‌కి ఏమాత్రం తీసిపోకుండా ప్రాణాలు తీస్తోందని నా గట్టి నమ్మకం. అందుకే వాళ్లు మామూలుగా అడిగే మాటల్లోనే ప్రశ్నలు పెట్టి, సూటిగా జవాబులు రాశాను. ఓవర్‌డోస్ గురించిన జవాబు మాత్రం ఇప్పుడు అవసరం లేదనిపించినా చదివి గుర్తుపెట్టుకోండి.

ప్రపంచంలో ఎంతమంది డ్రగ్స్ వాడుతున్నారు? ఇది నిజంగా అంత పెద్ద సమస్యేనా?

ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాలు, నేరాల విభాగం లెక్క ప్రకారం 2023లో దాదాపు 31.6 కోట్ల మంది ఏదో ఒక మత్తు పదార్థం వాడారు. మద్యం, పొగాకు ఇందులో కలపలేదు. 15 నుంచి 64 ఏళ్ల వయసున్న ప్రతి వందమందిలో ఆరుగురన్నమాట. అందరికంటే ఎక్కువమంది వాడేది గంజాయి, 24.4 కోట్ల మంది. ఆ తర్వాత హెరాయిన్, నల్లమందు, మార్ఫిన్ జాతి నొప్పి మాత్రలు వంటి ఓపియాయిడ్లు 6.1 కోట్ల మంది, ఒంటిని, మెదడును ఉరకలెత్తించే మెత్ వంటి యాంఫెటమైన్లు సుమారు 3 కోట్ల మంది, కొకైన్ 2.5 కోట్ల మంది వాడారు.

ప్రాణనష్టం చూస్తే, ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2019లో డ్రగ్స్ వల్ల 6 లక్షల మంది చనిపోయారు. అదే ఏడాది మద్యం వల్ల పోయినవాళ్లు 26 లక్షలు. మద్యం చట్టబద్ధంగా దొరుకుతుంది కాబట్టి అది డ్రగ్ కాదనుకునేవాళ్లు ఈ రెండో అంకె దగ్గర ఒక్క క్షణం ఆగాలి.

నన్ను ఎక్కువగా బాధపెట్టే లెక్క మాత్రం వేరే ఉంది. డ్రగ్స్ వల్ల జబ్బుపడ్డ ప్రతి పన్నెండు మందిలో చికిత్స అందుతున్నది సుమారు ఒక్కరికే. మిగతావాళ్లలో చాలామందికి పనిచేసే మందు ఉంది. అది వాళ్ల దాకా చేరడం లేదు.

ఒక్కసారి వాడితే బానిసైపోతారా?

అందరూ కారు. పిల్లలకు అలా చెప్పి భయపెడితే, ఒకసారి వాడి ఏమీ కానప్పుడు మనం చెప్పిన మిగతావి కూడా అబద్ధమేననుకుంటారు.

1990ల మొదట్లో అమెరికాలో జరిగిన ఒక పెద్ద జాతీయ సర్వేలో, ఒకసారైనా వాడినవాళ్లలో చివరికి దానికి బానిసలైనవాళ్లు ఎంతమందో లెక్క తీశారు. గంజాయి విషయంలో వందకి 9 మంది, మద్యానికి 15, కొకైన్‌కి 17, హెరాయిన్‌కి 23, పొగాకుకి 32. అంటే మెజారిటీ బయటపడుతున్నారు. కానీ ఆ 23 మందిలో మీరు ఉంటారో లేదో ముందుగా చెప్పే పరీక్ష ఏదీ లేదు. వ్యసనంలో పడే ముప్పులో సుమారు సగం వంశపారంపర్యంగా వస్తుంది. మిగతా సగంలో మొదలుపెట్టిన వయసు, చిన్నప్పటి దెబ్బలు, డిప్రెషన్, చుట్టూ ఉన్న మనుషులు, డ్రగ్ ఎంత తేలిగ్గా దొరుకుతుంది అనేవన్నీ ఉంటాయి. పదహారేళ్లకు మొదలుపెట్టినవాడికీ పాతికేళ్లకు మొదలుపెట్టినవాడికీ ముప్పులో చాలా తేడా ఉంటుంది. ఎందుకంటే ఆలోచించి ఆగమని చెప్పే మెదడు ముందుభాగం ఇరవై దాటాక గానీ పూర్తిగా ఎదగదు.

ఇంకో మాట. బానిస కాకపోయినా చావొచ్చు. జిగురు, పెయింట్ థిన్నర్ లాంటివి పీల్చే పిల్లల్లో మొదటిసారికే గుండె లయ తప్పి ప్రాణం పోయిన ఘటనలున్నాయి.

వ్యసనం జబ్బా, మనసు బలహీనతా? గట్టిగా అనుకుంటే మానలేరా?

జబ్బే. ఎందుకో కొంచెం వివరంగా చెప్పాలి.

1954లో జేమ్స్ ఓల్డ్స్, పీటర్ మిల్నర్ అనే ఇద్దరు పరిశోధకులు ఎలుకల మెదడులో ఒక చోట సన్నటి తీగ పెట్టి, మీట నొక్కితే అక్కడ చిన్న కరెంటు తగిలేలా చేశారు. ఎలుకలు గంటకు వందలసార్లు మీట నొక్కుతూ పోయాయి. మన మెదడులోనూ ఆ వ్యవస్థ ఉంది. ఆకలేసినప్పుడు తిన్నా, ఇష్టమైన మనిషిని చూసినా అక్కడ డోపమైన్ అనే రసాయనం విడుదలై, 'ఇది మంచిది, గుర్తుపెట్టుకో, మళ్లీ చెయ్యి' అని నేర్పుతుంది. మత్తు పదార్థాలు ఆ డోపమైన్‌ని మామూలు జీవితంలో ఎన్నడూ రానంత ఎక్కువగా పొంగిస్తాయి. రోజూ అలా జరుగుతుంటే మెదడు తట్టుకోవడానికి తన స్పందన తగ్గించుకుంటుంది. దాంతో డ్రగ్ కిక్కు తగ్గుతుంది, మామూలు సంతోషాలు చప్పబడిపోతాయి. కానీ ఆ కోరిక మాత్రం తగ్గదు, పైపెచ్చు పెరుగుతుంది. అందుకే 'దాంట్లో ఇప్పుడు మజా ఏమీ లేదు, అయినా ఉండలేకపోతున్నాను' అంటారు. ఆ మాట అబద్ధం కాదు.

అలాగని మనిషి చేతిలో ఏమీ లేదనీ కాదు. వియత్నాం యుద్ధంలో అమెరికా సైనికుల్లో దాదాపు 20 శాతం మంది అక్కడున్నప్పుడు హెరాయిన్‌కి బానిసలయ్యారు. ఇళ్లకు తిరిగొచ్చాక ఏమవుతుందోనని ప్రభుత్వం హడలిపోయింది. లీ రాబిన్స్ అనే పరిశోధకురాలు వాళ్లని వెతికి పట్టుకుని చూస్తే, తొలి ఏడాదిలో మళ్లీ బానిసలైనవాళ్లు వాళ్లలో 5 శాతమే. యుద్ధం, భయం, చేతికందేంత దూరంలో హెరాయిన్, ఇవన్నీ పోయి ఇల్లు, పని, మనుషులు దొరికాయి. పరిస్థితులు మారితే జబ్బు దారి ఎంతగా మారుతుందో చెప్పడానికి ఇంతకంటే పెద్ద రుజువు నాకు తెలియదు.

మా వాడు వాడుతున్నాడేమోనని అనుమానంగా ఉంది. ఎలా గుర్తుపట్టాలి?

కళ్లు ఎర్రబడటం, రాత్రంతా మేలుకుని పగలంతా నిద్రపోవడం, చదువో పనో ఒక్కసారిగా దిగజారడం, పాత స్నేహితులు మాయమై కొత్తవాళ్లు రావడం, ఇంట్లో డబ్బు, వస్తువులు కనబడకపోవడం, ఎండాకాలంలోనూ పొడుగు చేతుల చొక్కాలు. వీటిలో ఏ ఒక్కటీ రుజువు కాదు. ప్రేమ విఫలమైనా, డిప్రెషన్ వచ్చినా సగం ఇలాగే ఉంటుంది. దేనివల్లయినా పిల్లాడు కష్టంలో ఉన్నాడన్నది మాత్రం నిజం కాబట్టి మాట్లాడటానికి రుజువు దొరికేదాకా ఆగక్కర్లేదు.

డాక్టర్లు చూసేది ఎంత వాడుతున్నాడన్నది మాత్రమే కాదు. అనుకున్నదానికంటే ఎక్కువ వాడటం, మానాలనుకుని మానలేకపోవడం, దాని చుట్టూనే రోజంతా తిరగడం, హాని తెలిసీ వాడటం, డోస్ పెరగడం, ఆపితే ఒంట్లో తేడా చేయడం వంటి 11 లక్షణాల జాబితా ఒకటుంది. ఏడాదిలో రెండు మూడు కనిపిస్తే తొలిదశ, ఆరు గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే తీవ్రం. తొలిదశలో వస్తే పని చాలా సులువవుతుంది.

గంజాయి మొక్కే కదా, దానివల్ల ఏమవుతుంది?

నల్లమందు కూడా మొక్క నుంచే వస్తుంది. గంజాయి ఓపియాయిడ్లలాగా ఊపిరి ఆపి చంపదు, ఆ మాట నిజమే. కానీ ఇప్పుడు దొరికే సరుకులో మత్తునిచ్చే టీహెచ్‌సీ శాతం కొన్ని దశాబ్దాల కిందటికంటే చాలా ఎక్కువ. రోజూ వాడేవాళ్లలో, ముఖ్యంగా టీనేజ్‌లో మొదలుపెట్టినవాళ్లలో, లేని మాటలు వినబడటం, అందరూ తనమీద కుట్ర పన్నుతున్నారనుకోవడం వంటి సైకోసిస్ ముప్పు పెరుగుతుంది. ఇంట్లో ఎవరికైనా స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బు ఉంటే గంజాయి జోలికే పోకూడదు. ఏళ్ల తరబడి వాడిన కొందరికి ఆగకుండా వాంతులవుతాయి. వేడినీళ్ల స్నానం చేస్తున్నంతసేపే కాస్త ఉపశమనం. కారణం తెలియక ఆస్పత్రుల చుట్టూ తిరుగుతారు. గంజాయి మానితేనే అది తగ్గుతుంది.

రసాయనాలతో తయారుచేసి 'సింథటిక్ గంజాయి' అని అమ్మేవి ఇంకా ప్రమాదకరం. దానికీ మొక్కకీ పేరులో తప్ప పోలికే లేదు.

డాక్టర్ రాసిన మాత్రలే కదా, వాటివల్ల ప్రమాదం ఏంటి?

హెరాయిన్‌ని 1898లో ఒక మందుల కంపెనీ దగ్గు మందుగా అమ్మింది. అమెరికాలో 1990ల చివర బలమైన నొప్పి మాత్రలు 'వీటికి అలవాటు పడటం అరుదు' అనే ప్రచారంతో విరివిగా రాయడం మొదలైంది. వాటితో మొదలైన అలవాటు చాలామందిని హెరాయిన్ వైపు, ఆ తర్వాత దొంగచాటుగా తయారైన ఫెంటనిల్ వైపు నెట్టింది. 2021 నుంచి 2023 వరకు ఆ దేశంలో ఏటా లక్ష మందికి పైగా ఓవర్‌డోస్‌తో చనిపోయారు. ఫెంటనిల్ మార్ఫిన్ కంటే దాదాపు వంద రెట్లు బలమైనది. అలవాటు లేని మనిషికి రెండు మిల్లీగ్రాములు చాలు, ప్రాణం పోవచ్చు. నకిలీ మాత్రల్లో అది కలిసి ఉందో లేదో కంటితో చూసి చెప్పలేరు.

అవసరమైన నొప్పి మందుని భయపడి మానమని కాదు. చెప్పిన డోసు, చెప్పినన్ని రోజులే వాడండి, మిగిలినవి ఇంట్లో ఉంచొద్దు. నిద్రమాత్రలు నెలల తరబడి వాడుతుంటే సొంతంగా టక్కున ఆపొద్దు. డాక్టరే కొంచెం కొంచెం తగ్గిస్తారు. ఇలాంటి బలమైన నొప్పి మాత్రలు, నిద్రమాత్రలు, మద్యం, ఈ మూడింటిలో ఏ రెండు కలిసినా ఊపిరి మందగిస్తుంది.

ఓవర్‌డోస్ అయిందని ఎలా తెలుస్తుంది? మేం ఏం చేయాలి?

సినిమాల్లో చూపించినట్టు ఉండదు. హెరాయిన్, నొప్పి మాత్రల వంటి వాటి ఓవర్‌డోస్ చాలాసార్లు నిద్రలాగే కనిపిస్తుంది. మనిషి మంచం మీద వెల్లకిలా పడుంటాడు. గొంతులోంచి గురకలాంటి, నీళ్లలో బుడగలు వచ్చినట్టుండే శబ్దం. 'ఇవాళైనా హాయిగా నిద్రపోతున్నాడు' అనుకుని ఇంట్లోవాళ్లు దుప్పటి కప్పి తలుపు దగ్గరికి వేసి వెళ్తారు. పొద్దున్నే చూస్తే ఒళ్లు చల్లబడి ఉంటుంది. ఆ శబ్దం గురక కాదు, ఊపిరి అందని శబ్దం.

పేరు పెట్టి గట్టిగా పిలవండి. పిడికిలి కణుపులతో రొమ్ము ఎముక మీద గట్టిగా రుద్దండి. మామూలు నిద్రైతే లేచి విసుక్కుంటాడు. లేవకపోతే, ఊపిరి ఐదారు సెకన్లకు ఒకసారి కూడా రాకపోతే, పెదవులు, గోళ్లు నీలంగానో బూడిద రంగులోనో ఉంటే, కంటిపాపలు సూదిమొనంత చిన్నవైపోతే అది ఓవర్‌డోసే.

వెంటనే అంబులెన్స్‌కి ఫోన్ చేయండి. ఏం వాడాడో తెలిస్తే దాచకుండా చెప్పండి. ఓపియాయిడ్లకు విరుగుడైన నలోక్సోన్ అనే మందు దొరికే చోట ఉంటే ముక్కులో కొట్టే స్ప్రేగానో ఇంజక్షన్‌గానో ఇవ్వండి. రెండు మూడు నిమిషాల్లో ఊపిరి తిరిగొస్తుంది. వాడింది ఓపియాయిడ్ కాకపోయినా దానివల్ల హాని లేదు. మనిషి లేచి కూర్చున్నా ఆస్పత్రికి తీసుకెళ్లాల్సిందే. నలోక్సోన్ ప్రభావం 30 నుంచి 90 నిమిషాల్లో పోతుంది, ఒంట్లో డ్రగ్ ఇంకా మిగిలే ఉంటే మళ్లీ ఊపిరి ఆగొచ్చు. అంబులెన్స్ వచ్చేలోపు ఊపిరి లేకపోతే తల కొంచెం వెనక్కి వంచి, ముక్కు మూసి, ఐదు సెకన్లకొకసారి నోటితో ఊపిరి ఊదండి. ఊపిరి ఆడుతుంటే పక్కకు తిప్పి, పై మోకాలు మడిచి పడుకోబెట్టండి. వాంతి అయినా గొంతుకి అడ్డం పడదు. చన్నీళ్లు పోయడం, ఉప్పునీళ్లు తాగించి కక్కించడం, చెంపలు వాయించడం చేయొద్దు. ఒంటరిగా వదిలి వెళ్లొద్దు.

కొకైన్, మెత్ ఎక్కువైతే వేరేగా ఉంటుంది. ఒళ్లు కాలిపోవడం, ఛాతీనొప్పి, విపరీతమైన ఆందోళన, ఫిట్స్. అప్పుడూ అంబులెన్సే. అది వచ్చేలోపు తడిగుడ్డతో ఒళ్లు చల్లబరచండి, చుట్టూ గోల లేకుండా చూడండి.

ఒక్కసారిగా మాన్పించేస్తే సరిపోతుంది కదా?

ఏం వాడుతున్నాడన్నదాన్ని బట్టి ఉంటుంది. ఏళ్లుగా రోజూ తాగేవాళ్లు, నిద్రమాత్రలకు అలవాటు పడ్డవాళ్లు హఠాత్తుగా ఆపితే ఫిట్స్ రావచ్చు, మతి తప్పి పోవచ్చు, ప్రాణమే పోవచ్చు. అది కచ్చితంగా డాక్టర్ పర్యవేక్షణలో జరగాలి.

హెరాయిన్ లాంటివైతే చివరి డోసు తర్వాత 8 నుంచి 24 గంటల్లో మొదలవుతుంది. ముందు వరసగా ఆవలింతలు, ముక్కు, కళ్లు కారడం. రెండో రోజు, మూడో రోజుకి ఒళ్లంతా విరగ్గొట్టినట్టు నొప్పులు, రోమాలు నిక్కబొడుచుకోవడం, వాంతులు, విరేచనాలు, కాళ్లు ఒకచోట నిలవకపోవడం. చాలావరకు ప్రాణం మీదికి రాదు, కానీ ఒంట్లో నీరు పోయి ప్రమాదం కావచ్చు. మందులతో ఈ బాధ బాగా తగ్గుతుంది. మనిషిని శిక్షించడానికి ఆ బాధ పడనివ్వడం వల్ల ఒరిగేదేమీ లేదు.

గదిలో పెట్టి తాళం వేస్తే? తెలియకుండా భోజనంలో మందు కలిపితే?

రెండూ చేయొద్దు. తాళం వేసిన గదిలో ఫిట్స్ వస్తే చూసేవాళ్లుండరు. మద్యం మాన్పించే డైసల్ఫిరామ్ లాంటి మందు కలిపిన సంగతి తెలియక తాగితే బీపీ పడిపోయి గుండెకే ముప్పు. పైగా బయటపడ్డ రోజున మీ మీద ఉన్న ఆ కాస్త నమ్మకమూ పోతుంది. చికిత్స పేరుతో కొట్టే, గొలుసులు వేసే సెంటర్లకు కూడా పంపొద్దు. డాక్టర్ లేని చోటు వైద్యం చేసే చోటు కాదు.

చికిత్సలో ఏం చేస్తారు? మెథడోన్ అంటే ఒక మత్తు మాన్పించి ఇంకో మత్తు ఇవ్వడమే కదా?

విషాన్ని ఒంట్లోంచి దింపడం మొదటి వారం పని. దాంతో చికిత్స అయిపోయిందనుకునేవాళ్లే ఎక్కువగా దెబ్బతింటారు.

ఓపియాయిడ్ల వ్యసనానికి మెథడోన్, బ్యూప్రినార్ఫిన్ అనే మందులు ఉన్నాయి. 2005లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వీటిని అత్యావశ్యక ఔషధాల జాబితాలో చేర్చింది. సరైన డోసులో అవి కిక్కు ఇవ్వవు, కోరికను, డ్రగ్ ఆపినప్పుడు వచ్చే బాధలను (విత్‌డ్రాయల్) అదుపులో ఉంచుతాయి. మనిషి పొద్దున్నే లేచి డోసు కోసం వీధులు వెతుక్కోకుండా పనికి పోగలుగుతాడు. వీటిలో కొనసాగేవాళ్లలో మరణాలు సుమారు సగానికి తగ్గుతాయి. వైద్యంలో ఇంత ఫలితమిచ్చే మందులు తక్కువ. అయినా 'ఇంకెన్నాళ్లు ఈ మందు' అని ఇంట్లోవాళ్లే ఆపించేస్తుంటారు. దయచేసి ఆపించొద్దు. బీపీ మందులాగే కొందరికి ఏళ్లపాటు అవసరమవుతుంది.

కొకైన్, మెత్‌కి ఇంకా అలాంటి మందు రాలేదు. కౌన్సెలింగ్, పరీక్షలో డ్రగ్ లేదని తేలిన ప్రతిసారీ చిన్న బహుమతి ఇచ్చే పద్ధతి బాగా పనిచేస్తున్నాయి. వెంట డిప్రెషన్, ఆందోళన, పాత గాయాలు ఉంటే వాటికీ వైద్యం జరగాలి.

మానేసి నెలలు గడిచాయి. మళ్లీ మొదలుపెట్టాడు. అంతా వృథాయేనా?

కాదు. చికిత్స తర్వాత మళ్లీ వాడేవాళ్లు 40 నుంచి 60 శాతం వరకు ఉంటారు. ఉబ్బసం, బీపీ ఉన్నవాళ్లలో జబ్బు తిరగబెట్టే శాతం కూడా ఇంచుమించు అంతే. అక్కడ మందు మారుస్తాం, ఇక్కడ ఇంట్లోంచి గెంటేస్తాం.

అయితే ఇక్కడ ఒక ప్రమాదం ఉంది, అది చాలా కుటుంబాలకు ఎవరూ చెప్పరు. కొన్ని వారాలు మానేసరికి ఒంటికి ఆ డ్రగ్‌ని తట్టుకునే శక్తి పోతుంది. మనిషికి మాత్రం తన పాత డోసే గుర్తుంటుంది. రిహాబ్ నుంచో జైలు నుంచో బయటికొచ్చిన మొదటి రెండు వారాల్లో ఓవర్‌డోస్ మరణాలు అంత ఎక్కువగా ఉండటానికి కారణం ఇదే. ఇంటికొచ్చాడు, గండం గడిచింది అనుకునే రోజులే అసలు గండం. ఆ రోజుల్లో మందులు ఆగకూడదు, ఒంటరిగా ఉంచకూడదు, నలోక్సోన్ దగ్గర ఉంచుకోవాలి. మళ్లీ వాడానని చెప్పగలిగే మనిషి ఇంట్లో ఒక్కరైనా ఉండాలి.

ఎలా మాట్లాడాలి? నోరు తెరిస్తే గొడవే అవుతోంది.

మత్తులో ఉన్నప్పుడు మాట్లాడొద్దు. ఇద్దరూ నెమ్మదిగా ఉన్న పూట చూసుకోండి. 'నీవల్లే ఇంట్లో మనశ్శాంతి లేదు' అంటే తలుపు మూసుకుంటుంది. కళ్లారా చూసింది చెప్పండి: 'నాన్నా, మొన్న రాత్రి రెండింటికి బాత్రూమ్‌లో పడిపోయి ఉన్నావు. నాకు చాలా భయమేసింది. ఏం జరుగుతోందో చెప్పు, తిట్టను.' తిట్టనన్నాక నిజంగా తిట్టకూడదు. అది అన్నిటికంటే కష్టం, అయినా తప్పదు.

ఒప్పుకున్న క్షణంలో డాక్టర్ నంబరు చేతిలో ఉండాలి. ఆ సుముఖత ఎప్పుడో ఓసారి వస్తుంది, ఎంతోసేపు ఉండదు.

డబ్బులివ్వకపోతే దొంగతనం చేస్తాడేమో, ఇవ్వాలా?

చేతికి డబ్బివ్వొద్దు. ఫీజు, మందులు, ప్రయాణం మీరే కట్టండి. భోజనం, పడక, పలకరింపు మాత్రం ఆపొద్దు.

పూర్తిగా దెబ్బతింటే గానీ బుద్ధి రాదంటారు. అంతదాకా వదిలేయాలా?

ఈ నమ్మకం ఎంతోమందిని పొట్టన పెట్టుకుంది. ఫెంటనిల్ కలిసిన సరుకు తిరుగుతున్న కాలంలో దెబ్బతినడమంటే చాలాసార్లు చావడమే. ఉద్యోగం, చదువు, మనుషులు ఇంకా మిగిలి ఉండగానే చికిత్సకు వచ్చినవాళ్లకు నిలబడటానికి ఆధారం ఎక్కువ.

జైల్లో పెడితే తగ్గదా?

అమ్మేవాళ్ల సంగతి వేరు. వాడేవాళ్ల విషయంలో పోర్చుగల్ 2001లో దారి మార్చింది. సొంత వాడకానికి కొద్దిపాటి డ్రగ్ దగ్గరుంటే కేసు బదులు ఒక చిన్న కమిటీ ముందుకు పంపి, అవసరమైతే చికిత్సకు దారి చూపించడం మొదలుపెట్టింది, చికిత్సకు నిధులు పెంచింది. సూదుల ద్వారా కొత్తగా హెచ్‌ఐవీ సోకేవాళ్ల సంఖ్య బాగా పడిపోయింది. చట్టం మార్చి చికిత్స పెట్టకపోయుంటే ఆ ఫలితం వచ్చేది కాదని నా అభిప్రాయం.

అతను రానంటున్నాడు. మేమే డాక్టర్ దగ్గరికి వెళ్లొచ్చా?

వెళ్లండి, రేపే వెళ్లండి. ఇంట్లోవాళ్లకు ఎలా మసలుకోవాలో శిక్షణనిచ్చి, ఆ మార్పు ద్వారా వాడే మనిషిని చికిత్స దాకా తెచ్చే పద్ధతులున్నాయి. అవి బాగానే పనిచేస్తాయని పరిశోధనల్లో తేలింది. వెళ్లేటప్పుడు ఏం వాడుతున్నాడు, ఎంత, ఎన్నాళ్లుగా, చివరిసారి ఎప్పుడు అనేవి ఒక కాగితం మీద రాసుకోండి. గదిలో దొరికిన మాత్రల అట్టలు, సీసాలు పారేయకుండా పట్టుకెళ్లండి. ఫిట్స్ వచ్చాయా, చచ్చిపోతానన్నాడా, సూదులు వాడుతున్నాడా అన్నది డాక్టర్ అడగకముందే చెప్పండి. మీకు నిద్ర పట్టడం లేదన్న సంగతి, మీ బీపీ మాత్రలు మీరే మర్చిపోతున్న సంగతి కూడా చెప్పండి. ఆ వైద్యమూ అక్కడే మొదలవ్వాలి.